మూడు బాతులను పెంచడానికి అసలు ఖర్చెంత? విశాఖలో పెంచుతున్నవారు చెప్పగలరా?

మధురవాడ_పెరడు:

అందరికీ నమస్కారం. మాది మధురవాడలో సొంత ఇల్లు. ఇంటి వెనుక 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఖాళీ స్థలం ఉంది. ఒక మునగచెట్టు, రెండు అరటి పిలకలు తప్ప అక్కడ వేరేమీ లేవు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెండేళ్లుగా బాతులు పెంచుకుందామని అడుగుతోంది. పోయిన ఆదివారం ఆనందపురం వైపు వెళ్లినప్పుడు రోడ్డు పక్కన గంపలో పెట్టుకుని ఒకాయన జత 700 రూపాయలకు అమ్ముతుంటే దాదాపు కొనేశాను. మా ఆవిడ ఆపి, ముందు వాటికి గూడు, తిండి, నీళ్లు ఏమిటో తేల్చుకున్నాకే కొందామంది. ఆమె మాట సబబే అనిపించింది.

గుడ్ల వ్యాపారం కోసం కాదు, కోసుకు తినడానికి అసలే కాదు. ఇంట్లో మనతోపాటు ఉండడానికి మూడు బాతులు. మొదట ఎంత పెట్టాలి, నెలకు ఎంతవుతుంది, ఏయే సామాన్లు ముందుగా సమకూర్చుకోవాలి అనేవి అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

పెందుర్తి_తోట:

మీ ఆవిడగారు మంచి పని చేశారండీ. బాతును కొనడం ఈ మొత్తం వ్యవహారంలో అతి చిన్న ఖర్చు. పదకొండేళ్లుగా పెంచుతున్నాను కాబట్టి నా లెక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ప్రస్తుతం మా దగ్గర నాలుగు ఉన్నాయి. వాటిని కొన్న ధర 1,400. రాత్రి గూడుకు చెక్క, జాలీ, రేకు, వడ్రంగి కూలి కలిపి 11,500 అయ్యింది. నీళ్ల గాబుకు 2,800, మేత గిన్నెలకూ తాగునీటి తొట్టెలకూ 400. మొత్తం 16,100 రూపాయల్లో బాతుల ధర పదో వంతుకు కూడా రాలేదు.

గాబు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ పొరపాటు పడేది అక్కడే. బాతుకు చెరువే ఉండాలని లేదు, కానీ తల మొత్తం ముంచగలిగే లోతు నీళ్లు మాత్రం తప్పనిసరి. మేత తినేటప్పుడు దాని ముక్కు రంధ్రాల్లోకి పొడి చేరుతుంది; తల ముంచి చీదితేనే అది పోతుంది, కళ్లు కూడా అలా కడుక్కుంటేనే శుభ్రంగా ఉంటాయి. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి, ఆ నూనెను ఈకలకు పూసుకుంటుంది. స్నానం లేకపోతే ఆ పని సరిగ్గా సాగక ఈకలు నీళ్లు పీల్చుకోవడం మొదలవుతుంది.

మొదట్లో నేను నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు పెట్టాను. రోజూ దాన్ని ఎత్తి ఒంపడంతో మూడో నెలకు నా నడుము పట్టేసింది. ఆ తరవాత బావికి వేసే సిమెంటు వర ఒకటి తెప్పించి, సగం లోతు నేలలో దించి, అడుగున మేస్త్రీ చేత సిమెంటు చేయించి, ఆ అడుగుకు వాటం పెట్టించి రెండంగుళాల పైపూ వాల్వూ బిగించాను. ఇప్పుడు వాల్వు తిప్పితే ఆకుపచ్చటి మురుగునీళ్లన్నీ కొబ్బరి మొదట్లోకి పోతాయి. మీరు డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఆ పైపు దగ్గర మాత్రం తగ్గించకండి.

మా గాబు 90 లీటర్లు పడుతుంది. ఎండాకాలం రోజూ మారుస్తాను, అంటే నెలకు 2,700 లీటర్లు. మీకు బోరు ఉందా, లేక కుళాయి నీళ్లేనా? ట్యాంకరు మీద ఆధారపడిన వీధైతే మీ నెలసరి ఖర్చులో ముందు రాసుకోవలసింది దాణా కాదు, నీళ్లు.

మధురవాడ_పెరడు:

బోరు ఉందండీ, అయితే ఏప్రిల్, మే నెలల్లో సన్నగా వస్తుంది. అప్పుడు కుళాయి నీళ్లు సంపులో పట్టుకుంటాం. నీళ్లు ఇంత పెద్ద లెక్క అవుతాయని అనుకోలేదు. ఆ నీళ్లు అరటికి, మునగకు పెట్టవచ్చా?

పెందుర్తి_తోట:

నిరభ్యంతరంగా పెట్టవచ్చు. అరటికి అంతకంటే మంచి ఎరువు లేదు. పచ్చిగా తినే ఆకుకూరల మీద మాత్రం పోయకండి.

అడవివరం_మెట్ట:

గూడు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాని విలువ నాకు నష్టపోయాక తెలిసింది. మాది సింహాచలం కొండ కింద ఇల్లు. మొదటి గూడుకు షట్కోణాల కంతలుండే పల్చటి కోళ్ల జాలీ వాడాను. మీటరు చవకగా వచ్చిందని సంతోషించాను. ఒక రాత్రి రెండు గంటలప్పుడు అరుపులు వినిపించి టార్చి పట్టుకుని వెళ్లేసరికి కింది మూల జాలీ లోపలికి వంగి ఉంది, తీగలు దారాల్లా విడిపోయి ఉన్నాయి. ఆ తీగల అంచులకు తెల్లటి నూగు అంటుకుని ఉంది. ఒక బాతు కనిపించలేదు. ఇంకొకటి మెడ దగ్గర గాయంతో గోడ మూలకు నక్కి కూర్చుంది. చేతిలోకి తీసుకుంటే దాని గుండె నా అరచేతికి తగులుతూ కొట్టుకుంది. తెల్లారేలోపు అదీ పోయింది. వచ్చింది ఏ జంతువో నేను చూడలేదు, మా పక్కింటి పెద్దాయన పునుగుపిల్లి అన్నారు.

ఆ తరవాత కట్టినది ఇలా కట్టాను. అరంగుళం కంతల వెల్డెడ్ మెష్ (తీగలను ఒకదానికొకటి అతికించిన గట్టి జాలీ), నాలుగు వైపులా పైన కూడా. నేల కింద అడుగు లోతు వరకు అదే జాలీ పాతించి, బయటికి మడిచి, పైన బండలు పరిపించాను. కుక్కలు, పందికొక్కులు తవ్వుకుంటూ వచ్చినా ఆ మడత దగ్గర ఆగిపోతాయి. తలుపుకు తోపుడు గడియ చాలదు, అది ఊపితే జారిపోతుంది. కొక్కెం దించి తాళంకప్ప వేసేది పెట్టుకోండి. దీనికి నాకు 9,000 దాటింది. ముందే ఈ పని చేసి ఉంటే ఆ రెండూ బతికి ఉండేవి.

స్థలం విషయానికొస్తే రాత్రి పడుకోవడానికి బాతుకు నాలుగు చదరపు అడుగులు, పగలు తిరగడానికి 15 చదరపు అడుగుల దాకా ఉంటే ఇరుకనిపించదు. మీ పెరడు 180 చదరపు అడుగులు కాబట్టి మూడింటికి ధారాళంగా సరిపోతుంది.

భీమిలి_రోడ్డు:

గూడు పైకప్పు గురించి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా డాబా మీది రేకులు ఎటు పోయాయో కూడా తెలియలేదు. అప్పట్లో మా బాతులను స్నానాల గదిలో పెట్టి తలుపు వేశాం, అందుకే దక్కాయి. మన ఊళ్లో గూడు కట్టేవారు రేకును మేకులతో కాకుండా జే బోల్టులతో (కొక్కెంలా వంగి ఉండే బోల్టులు) బిగించుకోవాలి, గూటి కాళ్లను కాంక్రీటులో నిలపాలి. తుపాను హెచ్చరిక రాగానే వాటిని మోసుకురావడానికి గాలి ఆడే ప్లాస్టిక్ క్రేటు ఒకటి దగ్గర పెట్టుకోండి. పండ్ల దుకాణాల్లో పాతవి దొరుకుతాయి, పెద్ద ధరేమీ ఉండదు.

ఆనందపురం_రైతు:

బాబూ, మీ చర్చ అంతా చదివాను. బాతుకు బస్తా దాణా కొనాలా? గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక వేల బాతులను పొలాల్లోకి తోలుకుపోతారు, రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని అవే బతుకుతాయి. మా ఇంట్లో నూకలు, తవుడు, పెరట్లో దొరికిన నత్తలు తప్ప ఏనాడూ వేరే పెట్టలేదు. ఇంత ఖర్చు రాసి కొత్తవారిని భయపెట్టవద్దని నా మనవి.

కంచరపాలెం_దాణా:

పెద్దాయన మాటను కాదనడం లేదు, కానీ ఆ మాట పొలంలో తిరిగే బాతుకు చెల్లుతుంది, 12 అడుగుల పెరట్లో ఉండే బాతుకు చెల్లదు. పొలంలో దానికి నత్తలు, చిరుచేపలు, పురుగులు, పచ్చిక రోజంతా దొరుకుతాయి. పెరట్లో మునగచెట్టు కింద నత్తలు నాలుగు రోజుల్లో అయిపోతాయి. అప్పుడు నూకలూ తవుడూ మాత్రమే మిగిలితే ముందుగా దెబ్బతినేవి కాళ్లు.

దానికి కారణం ఉంది. బాతులకు నియాసిన్ అనే బి3 విటమిన్ కోళ్లకంటే ఎక్కువ కావాలి. కోడి తన ఒంట్లోనే కొంత తయారు చేసుకోగలదు గానీ బాతుకు ఆ శక్తి చాలా తక్కువ. బియ్యంలోనూ మొక్కజొన్నలోనూ ఉండే నియాసిన్‌లో ఎక్కువ భాగం వాటి ఒంటికి పట్టదు. బాతుపిల్లలకు కిలో దాణాలో 55 మిల్లీగ్రాముల వరకు ఉండాలని పోషణ ప్రమాణాలు చెబుతాయి. కోడిపిల్లల దాణా అంత ఇవ్వలేకపోవచ్చు. మా రెండో విడత పిల్లలు మూడు వారాల వయసులో మోకాళ్ల మీద నడిచినట్టు నడవడం మొదలుపెట్టాయి, మడమ కీళ్లు లావెక్కాయి. డాక్టరుగారు చూసి నీళ్లలో కలిపే బి కాంప్లెక్స్ మందు రాశారు. మూడింట్లో రెండు నాలుగైదు రోజుల్లో లేచి తిరిగాయి, ఒకదానికి కాలు వంకర అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఉడికించిన బఠానీలు, బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి దాణాలో కలుపుతున్నాను. రొట్టెలకు వాడే ఈస్ట్ వేరు, అది వేయకండి.

ఇక లెక్క. పెద్ద బాతు రోజుకు 120 గ్రాముల నుంచి 150 దాకా తింటుంది. మూడింటికి 140 చొప్పున వేసుకుంటే రోజుకు 420 గ్రాములు, నెలకు 12.6 కిలోలు. నేను కొనే లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్లకు వేసేది) కిలో 38 పడుతోంది కాబట్టి నెలకు 480 రూపాయలు. రైతు బజారులో సాయంత్రం మూసేవేళ మిగిలిన తోటకూర, పాలకూర అడిగితే చవకగా ఇస్తారు, అది రోజూ తరిగి నీళ్లలో వేయండి.

ఆనందపురం_రైతు:

కాళ్లు పడిపోవడం నేనూ చూశాను బాబూ, వాతం అనుకునేవాళ్లం. పెరటికీ పొలానికీ తేడా ఉందన్న మాట ఒప్పుకుంటున్నాను. నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్కను పెంచుకోమని వారికి చెప్పండి. ఒక గుంట తవ్వి పట్టా పరిచి, జానెడు లోతు నీళ్లు పెట్టి, కాస్త పేడ కలిపి వేస్తే చాలు, నీడలో బాగా పెరుగుతుంది. బాతులు దాన్ని ఇష్టంగా తింటాయి. దాణా ఖర్చు కొంత తగ్గుతుంది.

పశువైద్య_సేవ:

నేను పశువైద్య శాఖలో పనిచేసి రిటైరయ్యాను. దాణా గురించి ఇక్కడివారు ఇంకా అనని మాట ఒకటి ఉంది, అది బూజు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. గోనెసంచిలో నేల మీద పెట్టిన దాణా వానాకాలంలో కొద్ది రోజులకే ముక్కవాసన పడుతుంది. వేరుశనగ చెక్కలోనూ మొక్కజొన్నలోనూ పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పెంపుడు పక్షులన్నిటిలో బాతుపిల్లలు ఈ విషానికి అతి తొందరగా లొంగిపోతాయి. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని వేలాది టర్కీ కోళ్లు, వాటితో పాటు బాతుపిల్లలు చనిపోయిన తరవాతనే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. కాబట్టి బిగుతైన మూత ఉన్న డ్రమ్ము మీ సామాన్ల పట్టికలో చేర్చుకోండి, దాన్ని ఇటుకల మీద ఎత్తున పెట్టండి, నెలకు సరిపడేంత మాత్రమే కొనండి. వాసన తేడాగా ఉన్న దాణాను ఎండబెట్టి వాడదామనుకోవద్దు. ఎండకు బూజు పోయినట్టు కనిపించినా విషం పోదు.

మన తీరంలో ఇంకొక అలవాటు ఉంది, ఎండుచేపల పొడి వేయడం. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప బాతులకు ప్రమాదం. ఉప్పు లేనిదైతే కొద్దిగా వేయవచ్చు.

టీకాల సంగతి: డక్ ప్లేగు అనే బాతుల అంటువ్యాధికి 8 నుంచి 12 వారాల వయసులో టీకా వేయిస్తారు. సీసా ఒక్కటి తెరిస్తే వంద పక్షులకు వస్తుంది, కలిపాక నిల్వ ఉండదు. అందుచేత మూడు బాతుల కోసం విడిగా కొనడం కంటే చుట్టుపక్కల పెంచేవారంతా ఒకే రోజున ప్రభుత్వ పశువైద్యశాల వారితో మాట్లాడుకుని వేయించుకోవడం మేలు.

కొనే చోటు విషయంలో కూడా జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయ్యింది. బాతు పైకి ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తూనే ఆ వైరస్‌ను మోయగలదు. ఎక్కడెక్కడివో ఒకే గంపలో కలిపి తెచ్చి రోడ్డు మీద అమ్మేవి కొనడం నాకు ఇష్టం ఉండదు. తెలిసిన పెరటి నుంచి తెచ్చుకోండి.

అరిలోవ_మేడ:

మాకు పెరడు లేదు, మూడో అంతస్తు డాబా ఉంది. రెండు బాతులు పెంచవచ్చా?

పెందుర్తి_తోట:

వద్దండీ. ఎండాకాలంలో ఆ సిమెంటు కాలిపోతుంది. వేడి లేని రోజుల్లో కూడా గట్టి నేల మీద తిరిగితే అరికాళ్లకు పుండ్లు పడి లోపల చీము గట్టిపడుతుంది. పైగా నీళ్ల బరువు, కింది ఇంటివారికి వాసన.

అరిలోవ_మేడ:

అర్థమైంది. ఒకవేళ పెంచలేకపోతే ముడసర్లోవ జలాశయంలో వదిలేయవచ్చు కదా అనుకున్నాను.

పశువైద్య_సేవ:

దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఇంట్లో పెరిగిన బాతుకు ఎగిరి తప్పించుకోవడం రాదు, మేత వెతుక్కోవడం రాదు, కుక్కల చేతిలో రెండు రోజులు కూడా నిలవదు. అది ఊరికి తాగునీరిచ్చే చోటు కూడా. బాగా చూసుకుంటే బాతు ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. ఆ పదేళ్లూ చూసుకోగలమనుకున్నవారే కొనాలి.

మధురవాడ_పెరడు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ పదేళ్ల మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. అప్పటికి తను ఉద్యోగంలో ఉంటుంది కాబట్టి చివరి సంవత్సరాలు మా ఇద్దరివే అని మా ఆవిడ నోట్‌బుక్కులో రాసి పెట్టింది. మేము ఇంకొన్ని అడగాలి. పిల్లలను తెచ్చుకోవాలా, పెద్దవాటినా? మగ ఒకటి, ఆడ రెండు తీసుకోవచ్చా?

పెందుర్తి_తోట:

మొదటిసారి కాబట్టి నాలుగైదు నెలల వయసువి తీసుకోండి. పిల్లలైతే మొదటి వారం గూట్లో 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తరవాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. 60 వాట్ల బల్బు రోజంతా వెలిగిస్తే మూడు వారాలకు 30 యూనిట్లు. కరెంటు ఖర్చు పెద్దదేమీ కాదు గానీ రాత్రి కరెంటు పోయినప్పుడు లేచి చూసే మనిషి ఉండాలి. తల్లి లేని పిల్లలను ముచ్చటపడి నీళ్లలో వదలకూడదు కూడా. తల్లి ఒంటి నూనె వాటికి అంటదు కాబట్టి తడిసి ముద్దై చలికి చనిపోతాయి.

మూడూ ఆడవే తీసుకోండి. మగదానికి నాలుగైదు ఆడబాతులైనా లేకపోతే ఉన్న వాటి మెడ ఈకలు పీకి గాయం చేస్తుంది. ఒక అమ్మకందారు నాకు నాలుగూ పెట్టలే అని చెప్పి ఇచ్చినవాటిలో మూడు పోతులు తేలాయి. గొంతు వినండి: ఆడది స్పష్టంగా బాక్ బాక్ అని గట్టిగా అరుస్తుంది, మగదానిది బొంగురు. పెద్దయ్యాక మగదాని తోక మీద రెండు మూడు ఈకలు పైకి చుట్టుకుని ఉంటాయి. మస్కోవీ జాతికి మాత్రం ఈ గుర్తులు పనికిరావు.

గుడ్ల కోసం కాదన్నారు గానీ ఖాకీ కాంప్‌బెల్ జాతి పెట్టలైతే అవి వద్దన్నా పెడతాయి, బాగా పెట్టేది ఏడాదికి 300 దాకా పెడుతుంది. చాలావరకు ఉదయం తొమ్మిది లోపే పెట్టేస్తాయి కాబట్టి అప్పటిదాకా గూడు తెరవకండి, లేకపోతే అరటి మొదళ్లలో వెతుక్కోవాలి. గుడ్లు మొదలవగానే ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి. నేల మీద పరచడానికి ఊక నెలకు రెండు బస్తాలు పడుతుంది, మాకు బస్తా 70.

మధురవాడ_పెరడు:

ఏడు వారాల తరవాత రాస్తున్నాను. గూడుకు 9,800 అయ్యింది. జాలీ అడవివరం వారు చెప్పినట్టే అడుగు లోతు దించాం. వర, పైపు, వాల్వు, మేస్త్రీ కూలి 3,100. మూత డ్రమ్ము, గిన్నెలు, క్రేటు కలిపి 1,150. ఇక్కడి సభ్యులొకరి పెరటి నుంచే ఐదు నెలల ఆడబాతులు మూడు 1,200కు తెచ్చుకున్నాం. మొత్తం 15,250. ఆరోజు రోడ్డు మీద 700 ఇచ్చి తెచ్చుకుని ఉంటే ఆ రాత్రి వాటిని ఎక్కడ పడుకోబెట్టేవాళ్లమో తలుచుకుంటే భయమేస్తోంది.

ఒక సందేహం. రెండు బాతులు గాబులోకి దూకుతున్నాయి, మూడోది అంచు దగ్గర నిలబడి మెడ చాచి నీళ్లు తాగి వెనక్కి వస్తోంది.

పెందుర్తి_తోట:

అంచు ఎత్తుగా ఉండి ఉంటుంది. బయట రెండు ఇటుకలు, లోపల రెండు ఇటుకలు మెట్టులా పెట్టండి. లోపలి మెట్టు మరీ అవసరం. దిగినది ఎక్కి రాలేకపోతే అలసిపోయి మునిగిపోయే ప్రమాదం ఉంది.

మధురవాడ_పెరడు:

ఇటుకలు పెట్టాం. ఈ ఉదయం మూడోది ఇటుక మీద పది నిమిషాలు నిలబడి, తరవాత ఒక్కసారిగా దిగి తల ముంచి, వీపు మీదికి నీళ్లు జల్లుకుంటూ చాలాసేపు బయటికి రాలేదు. మా అమ్మాయి స్కూలు ఆటోను కాసేపు ఆపమని బతిమాలింది.

ఇంకొక విషయం. దాణా 50 కిలోల బస్తా అయితేనే ధర తగ్గిస్తామంటున్నారు. మా మూడింటికి అది నాలుగు నెలలు వస్తుంది, ఈ వానల్లో అన్నాళ్లు నిల్వ ఉంచే ధైర్యం లేదు. మధురవాడ, ఎండాడ, కొమ్మాది వైపు బాతులు పెంచేవారు ఎవరైనా ఉంటే చెప్పండి, నెలకొక బస్తా తెచ్చి పంచుకుందాం. డక్ ప్లేగు టీకా కూడా అదే రోజు కలిసి వేయించుకోవచ్చు.